చే గువేరా ఐరిషేనా? అర్జెంటీనాలో ఐరిష్ మూలాలున్న ప్రముఖులు ఇంకెవరు?

"చే గువేరాకు ఐరిష్ రక్తం ఉందంటారు, నిజమా? అర్జెంటీనాలో అలాంటి పేరున్నవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగారు. మొదటి ప్రశ్నకు జవాబు: నిజమే, కానీ బాగా పలచబడిపోయిన రక్తం. రెండో ప్రశ్నకు: చాలామంది ఉన్నారు. వాళ్లలో కొందరి జీవితాల్లో ఐరిష్‌తనం చే జీవితంలో కన్నా చాలా ఎక్కువ.

నేను ఐటీ ప్రాజెక్టు మీద బ్యూనస్ ఐరిస్‌లో కొన్నేళ్లు పనిచేశాను. మా టీమ్‌లో ఒకతనిది అచ్చమైన ఐరిష్ ఇంటిపేరు. ఇంట్లో మాత్రం అందరిదీ స్పానిషే. వాళ్ల నాయనమ్మ ఒక్కతే జపమాల ఇంగ్లీషులో చెప్పుకునేదట. సెలవు రోజుల్లో అతనితో కలిసి తిరగడం వల్లే నాకు ఈ చరిత్ర మీద ఆసక్తి పుట్టింది. ఇంటర్నెట్‌లో దొరికే లిస్టులంటే అతనికి చిరాకు. ఇంటిపేరు చూడటం, లిస్టులో ఎక్కించేయడం. ఇంటిపేరు కస్తూరివారు అనే మన సామెత అతనికి చెబితే పడి పడి నవ్వాడు. ఎప్పుడో 18వ శతాబ్దంలో ఓడ దిగిన పూర్వీకుడు ఉండటం వేరు, ఐరిష్ సన్యాసినుల బడిలో పెరిగి ఆ జ్ఞాపకాలతో కథలు రాయడం వేరు. నేనూ ఆ లెక్కనే చెబుతాను.

ముందు చే సంగతి. ఆయన తండ్రి పేరు ఎర్నెస్తో గువేరా లించ్. స్పానిష్ పద్ధతిలో రెండో ఇంటిపేరు తల్లి వైపుది కాబట్టి, చే నాయనమ్మ లించ్‌ల ఆడపడుచు. ఆ కుటుంబానికి మూలపురుషుడు ప్యాట్రిక్ లించ్, ఐర్లండ్‌లోని గాల్వే నుంచి 18వ శతాబ్దంలో వచ్చాడు. చే పుట్టిన 1928 నాటికి మధ్యలో ఎన్నో తరాలు గడిచిపోయాయి. లించ్‌లు అక్కడి భూస్వాముల కుటుంబాలతో వియ్యాలందుకుని పూర్తిగా అర్జెంటీనా వాళ్లైపోయారు. చేకి నాయనమ్మ ఆనా అంటే ప్రాణం. 1947లో ఆమె చనిపోయేటప్పుడు పక్కనే ఉండి సేవ చేశాడు, ఇంజినీరింగ్ ఆలోచన మానుకుని మెడిసిన్‌లో చేరింది ఆ తర్వాతే. ఐరిష్ తిరుగుబాటుదారుల రక్తమే తన కొడుకులో ప్రవహించిందని తండ్రి గర్వంగా చెప్పుకున్నాడు. తండ్రి కదా, అంటాడు.

చేకి ఐర్లండ్‌తో ఇంకో సంబంధం ఉంది, అది మనకూ తగులుతుంది. మన హాస్టల్ గదుల గోడల మీద, టీ షర్టుల మీద, ఆటోల వెనకాల కనిపించే ఎరుపు నలుపు చే బొమ్మ ఉంది చూశారూ, 1960లో క్యూబా ఫొటోగ్రాఫర్ కోర్దా తీసిన ఫొటో ఆధారంగా దాన్ని 1968లో గీసింది డబ్లిన్ కళాకారుడు జిమ్ ఫిట్జ్‌ప్యాట్రిక్. 2017లో చే చనిపోయి యాభై ఏళ్లైన సందర్భంగా ఐర్లండ్ తపాలా శాఖ అదే బొమ్మతో ఒక యూరో స్టాంపు వేసింది. అమెరికాలోని క్యూబన్ ప్రవాసులు దాని మీద మండిపడ్డారు. చేకి సంబంధించి ఐరిష్ ముచ్చట ఇంతే.

అసలు కథ గొర్రెలది. ఐర్లండ్ నుంచి అర్జెంటీనాకు 19వ శతాబ్దంలో వెళ్లినవాళ్లు నలభై, యాభై వేల మంది అని అంచనా. ఎక్కువమంది వెస్ట్‌మీత్, లాంగ్‌ఫర్డ్, వెక్స్‌ఫర్డ్ జిల్లాల వాళ్లు. అమెరికా టికెట్ కన్నా ఇటు టికెట్ ఖరీదు, కాబట్టి కరువులో పూర్తిగా చితికిపోయినవాళ్లు ఇటు రాలేదు. భూమి అన్నకు పోతే తనకేమీ మిగలని చిన్న కౌలు రైతుల కొడుకులు, పెళ్లి కావాల్సిన ఆడపిల్లలు, ఒకరినొకరు ఉత్తరాలు రాసి పిలిపించుకున్న చుట్టాలు వచ్చారు. అప్పుడు బ్యూనస్ ఐరిస్ రాష్ట్రంలో ఉన్నికి మంచి గిరాకీ. యజమాని గొర్రెల మందను పాలికి ఇచ్చేవాడు. కాపరికి ఉన్నిలో, పుట్టిన పిల్లల్లో సగమో మూడో వంతో దక్కేది. కష్టపడితే కొన్నేళ్లకు సొంత మంద, ఆ తర్వాత కౌలుకి పొలం, కలిసొస్తే సొంత భూమి. సాన్ ఆంతోనియో దె అరెకో, మెర్సెదెస్, సాల్తో, కార్మెన్ దె అరెకో, ఇవన్నీ ఆ గొర్రెల వల్ల ఐరిష్ వాళ్లు నిండిన ఊళ్లు. అరెకోకి మా కొలీగ్ తీసుకెళ్లాడు. టూరిస్టులందరూ గౌచోల, అంటే అక్కడి పశువుల కాపరుల, వెండి కత్తులు చూడటానికి వస్తారు. మేం శ్మశానానికి వెళ్లాం. వలయం ఉన్న సెల్టిక్ శిలువలు, వాటి మీద డగ్గన్, కెల్లీ, మర్ఫీ పేర్లు, కొన్ని రాతలు ఇంగ్లీషులో.

ఈ మొత్తం సమాజాన్ని ఒక్క తాటి మీద నడిపించినవాడు ఫాదర్ ఆంథొనీ ఫాహీ. గాల్వే జిల్లా లఫ్‌రే ఊరి డొమినికన్ సన్యాసి, 1844లో వచ్చాడు. నా దృష్టిలో ఈయన పేరు లేని లిస్టు లిస్టే కాదు. గొర్రెల కాపరులు స్పానిష్ రాక, బ్యాంకు అంటే భయపడి, డబ్బు ఈయన చేతిలో పెట్టేవాళ్లు. ఎక్కడ ఏ భూమి అమ్మకానికుందో చెప్పేవాడు, ఉత్తరాలు చేరవేసేవాడు, ఓడ దిగిన అమ్మాయిలకు పని చూపించి, పంపా అనే గడ్డి మైదానాల్లో ఒంటరిగా ఉన్న కాపరులతో సంబంధాలు కుదిర్చేవాడు. మన భాషలో పెళ్లిళ్ల పేరయ్య అన్నమాట, అదీ చర్చి అధికారంతో! 1856లో ఐర్లండ్ నుంచి మెర్సీ సన్యాసినులను రప్పించి బడి, ఆసుపత్రి నడిపించాడు. ఐరిష్ వాళ్లు ఐరిష్ వాళ్లనే పెళ్లాడి రెండు మూడు తరాలు విడిగా నిలవడానికి చాలావరకు ఆయనే కారణం. అది మంచో చెడో వేరే చర్చ. 1871లో ఎల్లో ఫీవర్ నగరాన్ని ఊడ్చేస్తుండగా ఆయనా పోయాడు.

గొర్రెలు కలిసిరాని వాళ్లూ ఉన్నారు. 1889లో సిటీ ఆఫ్ డ్రెస్‌డెన్ అనే ఓడలో సుమారు 1,800 మందిని లేనిపోని ఆశలు చూపించి దింపారు. దిగితే ఉండటానికి చోటు లేదు, తిండి లేదు. కొందరిని దక్షిణాన బాయియా బ్లాంకా దగ్గర నపోస్తా అనే చోటికి తీసుకెళ్లి గుడారాల్లో పడేస్తే వందమందికి పైగా చనిపోయారు. ఎవరూ అర్జెంటీనాలో అడుగు పెట్టొద్దని ఐర్లండ్‌లో ఆర్చిబిషప్ క్రోక్ పేపర్లో బహిరంగంగా హెచ్చరించాడు. ఆ తర్వాత వలస దాదాపు ఆగిపోయింది.

ఇక పేర్లకు వస్తే, అర్జెంటీనాలో చిన్న పిల్లాడిని అడిగినా చెప్పే పేరు అడ్మిరల్ బ్రౌన్. మేయో జిల్లా ఫాక్స్‌ఫర్డ్‌లో 1777లో పుట్టిన విలియం బ్రౌన్, అక్కడ గిజేర్మో బ్రౌన్ అయ్యాడు. చిన్నతనంలోనే తండ్రితో అమెరికా వెళ్లి, తండ్రి చనిపోతే ఓడల్లో పనికి కుదిరాడు. వ్యాపారం చేసుకుందామని రియో దె లా ప్లాతా తీరానికి వచ్చినవాడు స్పెయిన్ ఓడలతో గొడవల్లో ఇరుక్కుని, 1814 నాటికి కొత్త దేశపు నౌకాదళానికి అధిపతి అయ్యాడు. ఆ ఏడాదే మోంతెవిదెయోను సముద్రం వైపు నుంచి దిగ్బంధించి స్పెయిన్ పట్టు తెంచాడు. తర్వాత బ్రెజిల్‌తో యుద్ధంలో, 1827లో హుంకాల్ దగ్గర, తనకన్నా పెద్ద దళాన్ని చావగొట్టాడు. అదే ఏడాది ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. కూతురు ఎలీసా ప్రేమించిన స్కాట్లండ్ అధికారి డ్రమండ్ ఏప్రిల్‌లో యుద్ధంలో చనిపోతే, డిసెంబర్‌లో ఆమె నదిలో మునిగి ప్రాణం విడిచింది. పెళ్లి బట్టలు కట్టుకుని నీళ్లలోకి నడిచిందని జనం చెప్పుకుంటారు.

1857లో బ్రౌన్ చనిపోయేటప్పుడు పక్కన ఉండి చివరి సంస్కారం చేసింది కూడా ఫాదర్ ఫాహీనే. రెకొలేతా శ్మశానంలో ఆకుపచ్చ స్తంభంతో ఉన్న ఆయన సమాధిని వెతుక్కోనక్కర్లేదు, దూరం నుంచే కనిపిస్తుంది. వీధులు, ఒక పెద్ద పురపాలక ప్రాంతం, ఆయన పేరుతో ఒకటికి మించి ఫుట్‌బాల్ క్లబ్బులు. ఆయన పేరు మీద జట్టు ఓడిపోతే అడ్మిరల్‌ని తిట్టే జనాన్ని కూడా విన్నాను, అది వేరే సంగతి.

కమీలా ఓగోర్మన్ కథ తెలుగు సినిమాకి తక్కువేం కాదు. గొర్రెల కాపరుల కన్నా ముందే వచ్చి బ్యూనస్ ఐరిస్ పెద్దింటి వాళ్లలో కలిసిపోయిన కుటుంబం వాళ్లది. అదే ఇంటిపేరున్న క్లేర్ జిల్లా వైద్యుడు మిగెల్ ఓగోర్మన్ ఆ నగరంలో వైద్య విద్యకు పునాది వేశాడు. కమీలా 1847 డిసెంబర్‌లో లాదిస్లావో గుతియెర్రెస్ అనే యువ ఫాదరీతో లేచిపోయింది. ఇద్దరూ దొంగపేర్లతో ఉత్తరాన గోయా అనే ఊరు చేరి బడి పెట్టుకుని బతికారు. వాళ్లను గుర్తుపట్టి పట్టించింది గానన్ అనే ఐరిష్ ఫాదరీ. కన్నతండ్రే కూతుర్ని శిక్షించమని నియంత రోసాస్‌కి ఉత్తరం రాశాడు. 1848 ఆగస్టు 18న ఇద్దరినీ కాల్చి చంపారు. అప్పటికి ఆమె నిండు గర్భిణి. రోసాస్ పాలన మీద మచ్చలన్నిటిలో జనం ఇప్పటికీ మర్చిపోనిది ఇదే. 1984లో దీని మీద వచ్చిన కమీలా అనే సినిమా ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. నియంతృత్వం ముగిసిన కొత్తలో వచ్చింది కాబట్టి జనం అందులో రోసాస్ కాలాన్నీ, నిన్నటి సైనిక పాలననీ రెంటినీ చూశారు.

బల్ఫిన్‌ల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ మనకొక చిన్న లింకు ఉంది. విలియం బల్ఫిన్ కుర్రతనంలో వచ్చి పంపాలో పశువుల మధ్య పనిచేస్తూ రాయడం మొదలుపెట్టి, ద సదర్న్ క్రాస్ అనే పత్రికకు సంపాదకుడయ్యాడు. ఆ పత్రిక 1875లో మొదలైంది, అక్కడి ఐరిష్ వాళ్లందరినీ కలిపి ఉంచిన రెండో తాడు అదే. ఆయన కొడుకు ఈమన్ 1892లో బ్యూనస్ ఐరిస్‌లో పుట్టి, చదువుకి డబ్లిన్ వెళ్లాడు. 1916లో బ్రిటిష్ పాలన మీద డబ్లిన్‌లో జరిగిన ఈస్టర్ తిరుగుబాటులో జనరల్ పోస్టాఫీసు మీద ఐరిష్ రిపబ్లిక్ అని రాసి ఉన్న ఆకుపచ్చ జెండా ఎగరేసింది ఇతనే. మరణశిక్ష వేశారు. అర్జెంటీనాలో పుట్టినవాడు కావడం వల్ల బతికిపోయాడంటారు. చివరికి దేశం నుంచి పంపేస్తే, బ్యూనస్ ఐరిస్‌లో దిగగానే సైనిక సేవ ఎగ్గొట్టావని అక్కడా జైల్లో పెట్టారు! 1919లో ఐరిష్ రిపబ్లిక్ అతన్నే అర్జెంటీనాలో తన ప్రతినిధిగా పెట్టుకుంది. ఆ రోజుల్లోనే డబ్లిన్‌లో లా చదువుతున్న బరంపురం తెలుగు కుర్రాడు వి.వి. గిరి. ఐరిష్ ఉద్యమకారులతో సంబంధాలున్నాయన్న అనుమానంతో ఆయన్నీ 1916లోనే దేశం వదిలి పొమ్మన్నారు. తర్వాత మన రాష్ట్రపతి అయ్యారు. ఒకే ఊరు, ఒకే ఏడాది, ఒకే గొడవ, ఒకతను అర్జెంటీనాకి, ఒకాయన ఇండియాకి.

ఒక్క పేరే చెప్పమంటే నేను చెప్పేది మాత్రం రొడోల్ఫో వాల్ష్. 1927లో దక్షిణాన రియో నెగ్రో ప్రాంతంలో పుట్టాడు. తండ్రి ఎస్టేట్ మేనేజరు. 1930ల మాంద్యంలో కుటుంబం దెబ్బతిని పిల్లల్ని ఐరిష్ అనాథల, పేద పిల్లల బోర్డింగ్ బడుల్లో వేశారు. ముందు సన్యాసినులు నడిపే బడి, ఆ తర్వాత మొరేనోలో ఫాదర్ ఫాహీ పేరుతో ఉన్న సంస్థ. అక్కడి చలి, ఆకలి, దెబ్బలు, కొత్తగా వచ్చినవాడు కొట్లాడి తన స్థానం సంపాదించుకోవడం, అన్నీ ఆయన ఐరిష్ కుర్రాళ్ల కథల్లోకి వచ్చాయి. ఒక కథలో, పిల్లల్ని హింసించే వార్డెన్‌ను చితక్కొట్టడానికి ఒక పిల్లాడి మామయ్య వస్తాడు. బడంతా పండగలా ఎదురుచూస్తుంది. ఆ మామయ్యే దెబ్బలు తిని పడిపోతాడు. తమ సంగతి తామే చూసుకోవాలని పిల్లలకు అర్థమవుతుంది. చే బొలీవియాలో చనిపోయిన 1967 చివర్లోనే వాల్ష్ ఈ కథ రాశాడు. ఇద్దరు ఐరిష్ వాళ్లను కలిపి చూడాలంటే నాకు ఏ వంశవృక్షం కన్నా ఆ కథ చాలు.

కుర్రతనంలో వాల్ష్ డిటెక్టివ్ కథలు రాసుకుంటూ, చెస్ ఆడుకుంటూ ఉండేవాడు. 1956 జూన్‌లో సైనిక ప్రభుత్వం మీద ఒక తిరుగుబాటు విఫలమైంది. దాంతో సంబంధం ఉందని కొందరిని, ఏ సంబంధం లేనివాళ్లను కూడా, పోలీసులు హోసే లియోన్ స్వారెస్ అనే చోట చెత్తదిబ్బ దగ్గరికి తీసుకెళ్లి కాల్చారు. కొన్ని నెలల తర్వాత, ఆ కాల్చినవాళ్లలో ఒకడు బతికే ఉన్నాడని వాల్ష్ చెవిన పడింది. ఒకడి కోసం వెతికితే ఇంకొందరు దొరికారు. పత్రికలేవీ ముట్టుకోకపోతే చిన్న చిన్న పేపర్లలో వేసి, 1957లో ఆపరేసియోన్ మసాక్రె అనే పుస్తకంగా తెచ్చాడు. నిజ సంఘటనను నవలలా, ఆధారాలతో సహా చెప్పే పద్ధతికి అది తొలి మెట్లలో ఒకటి. తర్వాత క్యూబాలో ప్రెన్సా లతీనా వార్తా సంస్థలో పనిచేస్తూ, సీఐఏ పంపిన ఒక రహస్య సందేశాన్ని తనే కూర్చుని విప్పాడు.

1976లో సైన్యం మళ్లీ అధికారం లాక్కుంది. ఆయన కూతురు విక్తోరియా ఆ ఏడాది సెప్టెంబర్‌లో సైన్యంతో ఎదురుకాల్పుల్లో చనిపోయింది. కుట్రకు ఏడాది నిండిన 1977 మార్చి 24 తేదీతో వాల్ష్ సైనిక పాలకులకు బహిరంగ లేఖ రాశాడు. సైన్యం ఎత్తుకెళ్లి మాయం చేసినవాళ్ల లెక్కలే కాదు, జీతాలు ఎంత పడిపోయాయో, ఆర్థిక విధానం ఎవరి కోసమో కూడా అందులో ఉంది. మర్నాడు కాపీలు పోస్టులో వేసి తిరుగుతుండగా నౌకాదళపు ఎస్మా ముఠా నడివీధిలో కాల్చేసింది. శవం ఈనాటికీ దొరకలేదు. ఎస్మా అంటే నౌకాదళ మెకానిక్కుల బడి. ఐరిష్ వాడు మొదలుపెట్టిన నౌకాదళమే ఐరిష్ వాళ్ల బడిలో పెరిగినవాడిని చంపింది. ఆ కేసులో 2011లో శిక్షలు పడ్డాయి. ఇప్పుడు బ్యూనస్ ఐరిస్ మెట్రో 'E' లైన్‌లో ఎంత్రె రియోస్ స్టేషన్‌కి ఆయన పేరు కూడా చేర్చారు.

దీనికి ముందే, 1976 జూలై 4న, బెల్గ్రానో పేటలోని సాన్ పత్రీసియో చర్చిలో ముగ్గురు ఫాదరీలను, ఇద్దరు విద్యార్థులను చంపారు. వాళ్లలో ఆల్ఫ్రెదో లీడెన్, ఆల్ఫ్రెదో కెల్లీ ఐరిష్ సంతతి వాళ్లు. వాళ్లను చంపిన తివాచీని బుల్లెట్ రంధ్రాలతోనే దాచి ఉంచారు. అయితే ఐరిష్ వాళ్లంతా ఇటువైపే ఉన్నారనుకోకండి. పెరోన్‌కు ముందు 1944 నుంచి 1946 వరకు దేశాన్ని ఏలిన జనరల్ ఎదెల్మీరో ఫారెల్ తాత లాంగ్‌ఫర్డ్ వాడే. డబ్బున్న భూస్వాముల్లో సైన్యాన్ని సమర్థించినవాళ్లకు కొదవ లేదు. మా కొలీగ్ ఇంట్లో ఇప్పటికీ భోజనాల దగ్గర వాల్ష్ పేరెత్తరట, అన్నం చల్లారిపోయే దాకా గొడవ అవుతుందని.

మిగతా వాళ్లను తొందరగా చెప్పేస్తాను. సెసీలియా గ్రియర్సన్, 1889లో డాక్టరైన మొదటి అర్జెంటీనా మహిళ. ఇంటిపేరు స్కాట్లండ్‌ది, తల్లి వైపు డఫీ అనే ఐరిష్ కుటుంబం. ఇంటిపేరు చూసి లిస్టు వేస్తే ఇలాంటివాళ్లు జారిపోతారు. 2023లో వచ్చిన రెండు వేల పెసోల నోటు మీద ఆమె బొమ్మ ఉంది. కొరీనా కవానా, 1936లో సాన్ మార్తీన్ చౌక్ ఎదురుగా లాటిన్ అమెరికాలోనే అప్పటికి ఎత్తైన కాంక్రీటు భవనం కట్టించిన ఆవిడ. ఒక పెద్దింటి వాళ్ల మీద కక్షతో వాళ్ల చర్చి కనిపించకుండా అడ్డంగా కట్టించిందని గైడ్లు చెబుతారు. కథ బాగుంటుంది, నమ్మడానికి మాత్రం ఆధారం లేదు. మరీయా ఎలేనా వాల్ష్, పిల్లల పాటల రచయిత్రి, గాయని. రొడోల్ఫోకి దగ్గరి చుట్టం కాదు. తండ్రి రైల్వే ఉద్యోగి, ఇంగ్లిష్, ఐరిష్ రెండు మూలాలూ ఉన్నాయి. ఆమె పాటలోని మనువెలీతా అనే తాబేలు తెలియని అర్జెంటీనా పిల్లలుండరు. పెవాహో ఊళ్లో ఆ తాబేలుకి విగ్రహం కూడా పెట్టారు.

ఫుట్‌బాల్ చూసేవాళ్లకు అలెక్సిస్ మకాలిస్టర్ తెలుసు. 2022 ప్రపంచ కప్ ఫైనల్లో దిమరీయా గోల్‌కి పాస్ ఇచ్చింది అతనే. తండ్రి కార్లోస్ కూడా బోకా జూనియర్స్ క్లబ్బులో మారడోనాతో ఆడినవాడు. కుటుంబం ఐర్లండ్ నుంచి వచ్చిందనే చెప్పుకుంటారు.

మార్చి 17న, ఐరిష్ వాళ్ల సెయింట్ ప్యాట్రిక్ పండగ రోజు, మీరు బ్యూనస్ ఐరిస్‌లో ఉంటే రెకోన్‌కిస్తా వీధి పబ్బులకు వెళ్లి అర్జెంటీనా ఐరిష్ వాళ్లను చూశాననుకోకండి. ఆకుపచ్చ టోపీలు పెట్టుకుని బీరు తాగేవాళ్లలో ముప్పాతిక మంది ఇటాలియన్ ఇంటిపేర్ల వాళ్లే. దానికన్నా ఊరి బయట హర్లింగమ్‌లోని హర్లింగ్ క్లబ్ నయం. 1922లో ఐరిష్ కర్రల ఆట కోసం పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఐర్లండ్ నుంచి కర్రలు రావడం ఆగిపోయి, హాకీకి, రగ్బీకి మళ్లారు.

కామెంట్లలో ఒకరు, వీళ్లందరికీ ఐరిష్ పాస్‌పోర్ట్ వస్తుందా అని అడిగారు. చాలామందికి రాదు. తాతో అమ్మమ్మో ఐర్లండ్ గడ్డ మీద పుట్టి ఉండాలి, లేదా వాళ్ల తరవాతి తరం ముందే పేరు నమోదు చేయించుకుని ఉండాలి. గొర్రెల కాలంలో వచ్చినవాళ్ల మనవలకు మనవలు వీళ్లు. మా కొలీగ్ కూడా ప్రయత్నించి వదిలేశాడు. వాళ్లమ్మ వైపు ఎవరో ముత్తాత జెనోవా నుంచి వచ్చినట్టు కాగితాలు దొరికితే, రూల్స్ ఇంకా కఠినం కాని రోజుల్లో ఇటలీ పాస్‌పోర్ట్ సంపాదించుకున్నాడు. ఇప్పుడు దాంతోనే డబ్లిన్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నాడు.